యంత్రము మేలుకొను వేళ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఆర్మూరు పేరు వినగానే ఎవరికైనను ముందుగా స్ఫురించునది పసుపు. నవనాథ సిద్ధుల గుట్ట చెంతనున్న ఈ పట్టణమును, దాని చుట్టుపట్ల గ్రామములును తరతరములుగా పసుపు పండించి జీవించుచున్నవి. అట్టి సీమయందు, ఒక గ్రామ గ్రంథాలయపు రజతోత్సవ సభలో, కంప్యూటరు ఏ విధముగా మేలుకొనునో వివరింపబూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. పుస్తకములను గూర్చి చెప్పవలసిన చోట యంత్రముల ముచ్చట యేల యని వారు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న సహజమైనదే; దానికి సమాధానము కూడ ఈ ప్రాంతమునందే యున్నది.

2016 ఏప్రిల్ 14వ తేదీన దేశమందలి వ్యవసాయ మార్కెట్లను ఒక్క వలలో కలుపు ఈ-నామ్ పథకము 21 మార్కెట్లతో ప్రారంభమైనప్పుడు, వానిలో నిజామాబాదు మార్కెట్టు ఒకటి. నాటినుండి పసుపు బస్తాల ధర కంప్యూటరు తెఱమీద పలుకుట ఆరంభమైనది. 2020లో భూముల దస్తావేజులు ధరణి వేదిక కెక్కినవి. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. పరీక్షా ఫలితములు, ఉద్యోగపు దరఖాస్తులు, విద్యార్థి వేతనములు అన్నియు ఆ తెఱద్వారానే నడచుచున్నవి. ఇంట కంప్యూటరు లేని రైతుబిడ్డకు గ్రంథాలయమందలి కంప్యూటరే దిక్కు. దరఖాస్తునకు గడువు సాయంత్రము అయిదు గంటలకు ముగియుననగా, నాలుగు గంటలకు ఆ యంత్రము మేలుకొనకపోయినచో ఆ బిడ్డకు కలుగు నష్టము మఱియొక సంవత్సరము గడచినను తీరకపోవచ్చును. కావున యంత్రము మేలుకొను విధము గ్రంథాలయమునకు సంబంధింపని విషయము కాదు.

మీట నొక్కుట మొదలు, పేరును రహస్యపదమును అడుగు తెఱ కానవచ్చునంతవఱకు పట్టు కాలము అర నిమిషమో, ఒక నిమిషమో మాత్రమే. ఆ స్వల్పకాలమును ఎవ్వరును పట్టించుకొనరు. కాని యంత్రము ఎవరి యధీనమున నుండవలెనో నిర్ణయమగునది ఆ నిమిషమునందే. తరువాత వేయు తాళము లన్నియు దానికి లోబడినవే.

మొదట ఒక చిక్కును గమనింపవలెను. కంప్యూటరునకు స్మృతి రెండు విధములు. తాత్కాలిక స్మృతి యొకటి. అది మిక్కిలి చుఱుకైనది గాని విద్యుత్తు ఆగగానే దానియందలిదంతయు చెరిగిపోవును. రెండవది డిస్కు, విద్యుత్తు లేకున్నను అది తనలోని విషయమును నిలుపుకొనును. యంత్రము పనిచేయవలెనన్న ప్రోగ్రాము తాత్కాలిక స్మృతిలో నుండవలెను. యంత్రమునందలి సర్వవ్యవహారములను నడపు పెద్ద ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. విండోస్, లినక్స్ మొదలగునవి అట్టివి. అది డిస్కుమీద నిద్రించుచుండును. దానిని డిస్కునుండి తెచ్చి స్మృతిలో నిలుపుటకు మఱియొక ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రామును స్మృతిలోనికి తెచ్చునదెవరు? పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే యుంచి తాళము వేసినట్టి స్థితి యిది. బూటు వెనుకనుండు తోలుపట్టీని పట్టుకొని తన్ను తానే పైకెత్తుకొనుట యను ఆంగ్లభాషలోని హాస్యోక్తి ఈ చిక్కునకు తగియుండుటచే, ఈ ప్రక్రియకు బూట్‌స్ట్రాప్ అనియు, క్రమముగా బూట్ అనియు పేరు వచ్చినది.

పూర్వము ఈ చిక్కును మనుష్యుడు తన చేతులతోనే విప్పెడివాడు. 1960ల నాటి చిన్న కంప్యూటర్ల ముందుభాగమున మీటల వరుస యుండెడిది. యంత్రమును నడపువాడు ఆ మీటలను పైకి, క్రిందికి మార్చుచు ఒక్కొక్క ఆదేశమును స్మృతిలోనికి చేతితో ఎక్కించెడివాడు. అట్లెక్కించిన కొలది ఆదేశములు రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీని చదువుటకు చాలియుండెడివి. ఆ పట్టీమీది ప్రోగ్రాము అంతకంటె పెద్దదానిని తెచ్చెడిది. చిన్నది పెద్దదానిని పిలుచుట, పెద్దది మఱింత పెద్దదానిని పిలుచుట, ఇదియే నేటివఱకు మారని సూత్రము.

కంప్యూటర్ల నిర్మాణము తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినది. దానికి ఆద్యుడు 1914లో పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావు. టీడీసీ-12 అను పండ్రెండు బిట్ల కంప్యూటరును, తరువాత 1970ల దశకమున టీడీసీ-316 అను పదునాఱు బిట్ల కంప్యూటరును ఆ సంస్థపేరిట వెలువడినవి. యంత్రమును కొని తెచ్చి వాడుకొనుటయే కాక, దాని లోపలి నడకను గ్రహించి స్వయముగా నిర్మించుటయు ఈ నేలమీద జరిగినదని యువకులు మఱువరాదు.

నేటి యంత్రములయందు ఆ మీటల వరుస లేదు. దానికి బదులు మదర్ బోర్డుమీద ఒక చిన్న చిప్పులో శాశ్వతముగా వ్రాయబడిన ప్రోగ్రామున్నది. దానిని ఫర్మ్‌వేర్ అందురు. విద్యుత్తు రాగానే మొదట కనులు తెఱచునది ఇదియే. స్మృతి సరిగా నున్నదా, కీబోర్డు ఉన్నదా, డిస్కు ఉన్నదా యని అది పరీక్షించును. పిమ్మట తనకు నిర్దేశింపబడిన వరుసలో ఒక్కొక్క సాధనమును వెదకి, దానియందు బూట్ లోడరను ప్రోగ్రామును కనుగొని, అధికారమును దాని చేతికిచ్చి తప్పుకొనును. బూట్ లోడరు ఆపరేటింగ్ సిస్టముయొక్క మూలభాగమైన కెర్నెలును డిస్కునుండి స్మృతిలోనికి తెచ్చి, ఎట్లు నడువవలెనో కొన్ని సూచనలు చెప్పి, అధికారమును దానికప్పగించును. కెర్నెలు మిగిలిన పరివారము నంతటిని లేపును. అప్పుడుగాని పేరునడుగు తెఱ కానరాదు.

ఈ వరుసను అర్థము చేసికొనుటకు పసుపు రైతునకు వేఱొకరు చెప్పనక్కఱలేదు. త్రవ్విన పసుపును ఉడికించవలెను, పిదప ఆరబెట్టవలెను, పిదప మెరుగు పెట్టవలెను. ఈ క్రమము మారరాదు. అంతియేకాక, ముందు జరిగిన లోపమును వెనుక పని సరిదిద్దజాలదు. ఉడుకు తప్పిన కొమ్మును మెరుగుపెట్టు డ్రమ్ములో ఎంతసేపు త్రిప్పినను అది మంచి కొమ్ము కాదు. కంప్యూటరునందును అంతే. మేలుకొలుపు దశలో పరాయి చేయి ప్రవేశించినచో, ఆ తరువాత ఆపరేటింగ్ సిస్టము అడుగు రహస్యపదము ఎంత కఠినమైనదైనను దానివలన కలుగు రక్షణ స్వల్పము. ముందు మేలుకొనినవాని మాటయే తరువాతివాడు నమ్మును గనుక.

దీనికి చరిత్రయందు నిదర్శనమున్నది. 1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వెలువడినది. ఆ జాతి యంత్రములందు డిస్కుయొక్క మొట్టమొదటి 512 బైట్ల భాగమే మేలుకొలుపునకు ద్వారము. హార్డు డిస్కులయందు ఆ 512 లోను లోడరునకు దక్కునది సామాన్యముగా 446 బైట్లు. 64 బైట్లు డిస్కు విభాగముల పట్టికకును, చివరి 2 బైట్లు గుర్తునకును పోవును. ఒక పోస్టుకార్డుమీద వ్రాసిన జాబు కూడ అంతకంటె పెద్దదిగా నుండవచ్చును. 1986లో లాహోరునందు పుట్టిన బ్రెయిన్ అను వైరసు ఫ్లాపీ డిస్కుల యందలి ఈ మొదటి భాగమునే ఆక్రమించుకొని, దేశదేశములకు ప్రాకినది. డిస్కుమీద లక్షల బైట్ల స్థలముండగా అది ఆ చిన్న ద్వారమునే యేల యెన్నుకొనెను? ద్వారము పట్టిన వానికి ఇల్లంతయు వశమగునని దాని నిర్మాతలకు తెలిసియుండుటచేతనే.

ఇప్పటి కంప్యూటర్లలో ఆ పాత పద్ధతికి బదులు యు.ఇ.ఎఫ్.ఐ. అను క్రొత్త ఫర్మ్‌వేరు పద్ధతి వ్యాపించినది. దాని ప్రమాణములను చూచు సంఘము 2005లో ఏర్పడినది. ఈ పద్ధతిలో లోడరునకు 446 బైట్ల ఇఱుకు లేదు. డిస్కుమీద దానికొక ప్రత్యేక విభాగము కేటాయింపబడును. ఏ లోడరును ముందు పిలువవలెనో తెలుపు జాబితా మదర్ బోర్డుమీది స్మృతిలో వ్రాయబడియుండును. ఒకే యంత్రమున రెండు మూడు ఆపరేటింగ్ సిస్టములున్నచో ఒక్కొక్కదాని లోడరు ఈ విభాగమునందు ఒక్కొక్క అఱలో నుండును.

లోడర్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది గ్రబ్ అనునది. 1995లో ఎరిక్ బోలిన్ దానిని ఆరంభించెను. 1999లో అది గ్నూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రణాళికలో చేరినది. లినక్స్ వాడు యంత్రములలో అధికభాగమున మొదట కానవచ్చు నల్లని పట్టిక దీనిదే. ఆ పట్టికలో ఏయే ఆపరేటింగ్ సిస్టములున్నవో వరుసగా నుండును. బాణపు గుర్తు మీటలతో ఒకదానిని ఎన్నుకొని ఎంటరు మీట నొక్కిన అది మేలుకొనును. ఎవ్వరును ఎన్నుకొననిచో కొన్ని సెకనులు వేచి, ముందుగా నిర్ణయింపబడినదానిని లేపును.

యజమాని ఇచ్చట నిర్ణయింపదగినవి ముఖ్యముగా మూడు. ఎవరును ఎన్నుకొననప్పుడు ఏది మేలుకొనవలెను. ఎన్ని సెకనులు వేచియుండవలెను. కెర్నెలునకు ఏ సూచనలు చెప్పవలెను. ఈ మూడును ఒక చిన్న వ్రాతపత్రమువంటి ఫైలులో నుండును. దానిని దిద్ది, పట్టికను తిరిగి తయారుచేయుమను ఆదేశము నిచ్చినచో తరువాతి మేలుకొలుపునుండి క్రొత్త నిర్ణయము అమలగును. ఆ ఆదేశము మఱచి, ఫైలు దిద్దితిమి గాని మార్పు కానరాలేదని చింతించువారు అనేకులు. వేచియుండు కాలమును సున్నగా నుంచుటయు మంచిది కాదు. యంత్రము చెడినప్పుడు పాత కెర్నెలును ఎన్నుకొనుటకు ఆ కొలది సెకనులే ఆధారము. అయిదు సెకనుల వ్యవధి వలన ఎవ్వరికిని నష్టము లేదు. అది లేనినాడు కలుగు కష్టము పెద్దది.

మూడవదైన సూచనల విషయము మఱింత జాగ్రత్తగా గ్రహింపదగినది. గ్రబ్ పట్టిక కానవచ్చినప్పుడు ఒక అక్షరపు మీట నొక్కినంతమాత్రమున ఆ సూచనలను అప్పటికప్పుడు మార్చు వీలున్నది. రహస్యపదము మఱచిన యజమాని యంత్రమును తిరిగి స్వాధీనము చేసికొనుటకు ఇది ఏర్పడినది. కాని అదే మార్గమున ఇతరుడెవ్వడైనను రహస్యపదముతో పనిలేకయే సర్వాధికారియై కూర్చుండవచ్చును. అట్లే, యు.ఎస్.బి. పుల్లలో వేఱొక ఆపరేటింగ్ సిస్టమును తెచ్చి, దానితో యంత్రమును లేపి, డిస్కునందలి ఫైళ్లను చదివికొనవచ్చును. గ్రంథాలయమున పదిమంది కూర్చుండి తమ ఆధారు సంఖ్యలను, బ్యాంకు పాసుపుస్తకముల ప్రతులను ఎక్కించు యంత్రమునకు ఇట్టి తెఱచిన ద్వారముండుట తగదు.

దీనికి తాళములు నాలుగు. ఫర్మ్‌వేరునకు రహస్యపదము పెట్టుట మొదటిది; అప్పుడు మేలుకొలుపు వరుసను ఇతరులు మార్చజాలరు. వరుసలో లోపలి డిస్కును ముందుంచి, యు.ఎస్.బి.నుండి మేలుకొనుటను ఆపివేయుట రెండవది. గ్రబ్ పట్టికకు రహస్యపదము పెట్టుట మూడవది. సామాన్యముగా మేలుకొనుటకు అది అడ్డు రానట్లును, సూచనలను మార్చునప్పుడు మాత్రమే అడుగునట్లును ఏర్పఱచుకొనవచ్చును. ఆ రహస్యపదమును యథాతథముగా గాక, తిరిగి విప్పరాని సంకేతముగా మార్చి వ్రాయు ఏర్పాటు గ్రబ్‌నందే కలదు. ఇవి మూడును ఉన్నను, డిస్కునే ఊడదీసి వేఱొక యంత్రమునకు తగిలించువాని నాపలేవు. అందుకు డిస్కునంతటిని గూఢలిపిలో నుంచుట నాలుగవ తాళము. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటియు మిగిలినవాని పని చేయజాలదు.

తాళములు వేయుట సులభము. తాళపుచెవులను భద్రపఱచుటయే కష్టము. ఈ సత్యమును ప్రపంచమంతయు ఒక్క దినమున నేర్చుకొనినది. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థ విండోస్ యంత్రములకు పంపిన ఒక లోపభూయిష్ట ఫైలు వలన, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము, సుమారు 85 లక్షల కంప్యూటర్లు మేలుకొనలేక నీలితెఱతో నిలిచిపోయినవి. మేలుకొన యత్నించుట, పడిపోవుట, మరల యత్నించుట, ఇదియే వాని గతియైనది. విమానములు, ఆసుపత్రులు, బ్యాంకులు స్తంభించినవి. శంషాబాదు విమానాశ్రయమునందు ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసు లిచ్చిరి. కంప్యూటర్ల నగరమని పేరుపొందిన హైదరాబాదున కలమును కాగితమును మరల కౌంటరుమీదికి వచ్చిన దినమది.

దానికి చికిత్స ఏమి? ఆ ఫైలు తీసివేయుటయే, నిమిషముల పని. కాని ఆపరేటింగ్ సిస్టము మేలుకొనని యంత్రమునకు దూరమునుండి ఆదేశ మిచ్చుట సాధారణముగా సాధ్యము కాదు. కావున అనేక స్థలములందు ఒక మనుష్యుడు ఒక్కొక్క యంత్రము నొద్దకు పోయి, మేలుకొలుపు దశలోనే దానిని ఆపి, సురక్షిత పద్ధతిలో లేపి, ఆ ఫైలును తొలగింపవలసి వచ్చినది. డిస్కు గూఢలిపిలోనున్నచోట్ల, దానిని విప్పు పొడవైన సంఖ్య కూడ కావలసి వచ్చినది. ఆ సంఖ్యను జాగ్రత్తగా దాచుకొన్నవారు త్వరగా తేరుకొనిరి, దాచుకొననివారు వెదకులాడిరి. దొంగను ఆపుటకు వేసిన తాళమే ఆనాడు యజమానిని కూడ బయట నిలిపినది. తాళము వేయకుండుట దీనికి మందు కాదు. చెవి యెచ్చట నున్నదో బాధ్యులకు తెలిసియుండుటయే మందు.

ఇక ద్వారమునకు ముద్ర వేయు పద్ధతి యొకటి వచ్చినది. దానిని సెక్యూర్ బూట్ అందురు. 2011 నాటి యు.ఇ.ఎఫ్.ఐ. ప్రమాణములలో అది రూపొంది, 2012లో వెలువడిన విండోస్ 8తో వ్యాపించినది. ఫర్మ్‌వేరు తాను నమ్మదగినవారి ముద్రల నమూనాలను తనలో నుంచుకొని, తగిన ముద్రలేని లోడరును మేలుకొననీయదు. బ్రెయిన్ వంటి వైరసులకు ఇది గట్టి అడ్డంకియే. అయితే, అమ్మకమునకు వచ్చు కంప్యూటర్లలో సామాన్యముగా మైక్రోసాఫ్ట్ ముద్ర యుండును గనుక, లినక్స్ వారు షిమ్ అను ఒక చిన్న లోడరును ఆ సంస్థచే ముద్ర వేయించి, దాని వెనుక గ్రబ్‌ను నిలుపవలసి వచ్చినది. యజమాని తన స్వంత ముద్రను చేర్చుకొనుటకును వీలున్నది గాని, ఆ సంగతి తెలిసినవారు కొందఱే.

ముద్ర యున్నంతమాత్రమున లోపము లేదనుకొనరాదు. 2020 జూలైలో గ్రబ్‌నందే ఒక లోపము బయటపడినది. బూట్‌హోల్ అని దానికి పేరు పెట్టిరి. పట్టికను వ్రాసియుంచు ఫైలును తప్పుగా చదువుటవలన, ముద్రగల లోడరు ద్వారానే పరాయి ప్రోగ్రాము ప్రవేశింపగల లోపమది. దానిని సరిచేయుటకు క్రొత్త లోడర్లను ఇచ్చుటయే కాక, పాత ముద్రలను రద్దుచేయవలసి వచ్చినది. ముద్రలకు గడువు కూడ నుండును. 2011లో ఇచ్చిన మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రములకు 2026 జూన్ మాసమునుండి గడువు తీరుట ఆరంభమగునట్లు నిర్ణయమై, వాని స్థానమున 2023 నాటి క్రొత్తవానిని యంత్రములలో చేర్చు పని సాగినది. కావున ఒకసారి ఏర్పఱచి మఱచిపోదగిన తాళము ఏదియు లేదు.

ఈ విషయమున గ్రామ గ్రంథాలయమునకు మఱియొక అక్కఱ కలదు. అది పాత యంత్రముల ప్రశ్న. విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11నకు టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధనమును, సెక్యూర్ బూట్‌నకు తగిన ఫర్మ్‌వేరును ఉండవలెనని నిబంధన యున్నది. పది పండ్రెండు సంవత్సరముల క్రిందట దాతలిచ్చిన యంత్రములలో ఎన్నియో ఈ నిబంధనకు నిలువలేవు. అంతమాత్రమున వానిని పాత ఇనుమునకు తూచి యమ్మవలెనా? లోడరు తెలిసినవాడు అట్లు తొందరపడడు. ఆ యంత్రముననే లినక్స్ జాతి ఆపరేటింగ్ సిస్టమును నెలకొల్పి, మఱికొన్ని సంవత్సరములు సేవ చేయించుకొనవచ్చును.

తెలుగువారికి ఈ మార్గమున తోడ్పడినవారు లేకపోలేదు. కంప్యూటరు పట్టికలు, ఆదేశములు తెలుగుననే కానరావలెనను సంకల్పముతో స్వేచ్ఛ యను సంస్థ హైదరాబాదున పనిచేయుచు, తెలుగు ఆపరేటింగ్ సిస్టమును రూపొందించినది. భారత ప్రభుత్వ సంస్థయైన సీడాక్ 2007లో బాస్ అను పేర డెబియన్ లినక్స్ ఆధారముగా ఒక ఆపరేటింగ్ సిస్టమును వెలువరించినది. దానియందు తెలుగుతో సహా భారతీయ భాషలకు చోటున్నది. ఇట్టివానిని స్థాపించుటకు ముందే యు.ఎస్.బి. పుల్లనుండి మేలుకొలిపి, డిస్కును తాకకయే పరీక్షించి చూడవచ్చును. తెలుగు అక్షరములు సరిగా వచ్చుచున్నవా, ముద్రణయంత్రము పలుకుచున్నదా, ఇంటర్నెట్టు తగులుచున్నదా యని నిదానముగా చూచుకొని, పిదప నిశ్చయించుకొనవచ్చును.

రెండు సిస్టములను ఒకే యంత్రమున నుంచదలచినవారు క్రమమును పాటించుట మేలు. ముందుగా డిస్కునందలి అవసరపు ఫైళ్లను వేఱొకచోట ప్రతి తీసి యుంచవలెను. విండోస్‌ను మొదట స్థాపించి, లినక్స్‌ను తరువాత స్థాపించినచో చిక్కు తక్కువ. ఏలయన లినక్స్‌తో వచ్చు గ్రబ్ సాధారణముగా ఇతర సిస్టములను వెదకి తన పట్టికలో చేర్చుకొనగలదు. విండోస్ తరువాత వచ్చినచో ముందున్నదానిని ప్రక్కకు నెట్టి, తన లోడరునే ముందు నిలుపుకొనుట పరిపాటి. అట్లు జరిగినను లినక్స్ నశించినదని భయపడరాదు. దానికి పోవు త్రోవ మాత్రమే మఱుగుపడినది. ఫర్మ్‌వేరు జాబితాలో వరుసను సరిచేసినచో, లేదా యు.ఎస్.బి. పుల్లతో లేపి గ్రబ్‌ను తిరిగి నెలకొల్పినచో త్రోవ మరల కానవచ్చును.

ఇంతవఱకు చెప్పినదానినుండి ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. ఇన్ని తాళములు వేసినచో గ్రామమందలి పిల్లలు యంత్రమును తెలిసికొనుటెట్లు? ఈ ఆక్షేపణ న్యాయమైనది. గ్రంథాలయశాస్త్ర పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో తన పంచసూత్రములను ప్రకటించినప్పుడు, పుస్తకము దాచుటకు గాక వాడుటకే యున్నదను భావమునకు ప్రథమస్థాన మొసగెను. పూర్వము ఐరోపా గ్రంథాలయములలో పుస్తకములను గొలుసులతో బల్లలకు బంధించెడివారు. పుస్తకము భద్రముగనే యుండెడిది, చదువరియే దూరమయ్యెడివాడు. కంప్యూటరునకును అట్టి గొలుసు వేసి, పిల్లలు చెడగొట్టుదురని గుడ్డ కప్పి యుంచుట గ్రంథాలయ ధర్మము కాదు.

దీనికి పరిష్కారము రెండు యంత్రములను రెండు విధముల నుంచుట. ప్రజల దరఖాస్తులకును, ధరలు చూచుకొనుటకును వాడు సేవాయంత్రమునకు పైన చెప్పిన నాలుగు తాళములును వేయవలెను. రెండవది అభ్యాసయంత్రము. దానియందు ఎవరి సొంత వివరములును ఉంచరాదు, తాళములును వేయనక్కఱలేదు. ఆసక్తిగల బాలబాలికలు దాని పట్టికను తెఱచి చూడవచ్చును, క్రొత్త సిస్టమును స్థాపింపవచ్చును, చెడగొట్టవచ్చును, తిరిగి బాగుచేయవచ్చును. పాతబడి మూలపడిన యంత్రమే ఈ పనికి మిక్కిలి యనుకూలము. చెడిన యంత్రమును ఒకసారి స్వయముగా లేపిన బాలుడు, పది పుస్తకములు చదివినను పొందలేని ధైర్యమును పొందును.

సేవాయంత్రపు చెవుల విషయమున గ్రంథాలయమునకు పాత అలవాటు ఒకటి తోడున్నది. ప్రతి పుస్తకమునకును ఒక సంఖ్య నిచ్చి చేర్పు పుస్తకమున నమోదు చేయుట గ్రంథపాలకునకు పరిపాటియే. అట్లే ప్రతి యంత్రమునకును ఒక పుట కేటాయించి, ఎన్నడు కొన్నది, ఏ సిస్టములున్నవి, ఎన్నడు ఏ మార్పు జరిగినది, ఎవరు చేసినది అను వివరములను తేదీతో వ్రాయవలెను. రహస్యపదములను మాత్రము ఆ పుస్తకమున వ్రాయరాదు. ఫర్మ్‌వేరు పదము, గ్రబ్ పదము, డిస్కు గూఢలిపిని విప్పు సంఖ్య, ఈ మూడింటిని కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, లక్క ముద్రతో మూసి, కార్యవర్గపు ఇనుప పెట్టెలో నుంచవలెను. తెఱచిన ప్రతిసారియు తేదీయు కారణమును వ్రాసి, పదములను మార్చి, క్రొత్త కవరు పెట్టవలెను. గ్రంథపాలకుడు బదిలీయైన నాడు బీరువా చెవులతోపాటు ఈ కవరును కూడ అప్పగింత జాబితాలో చేర్చవలెను. యంత్రమును బాగుచేయువాడు పట్టణమునుండి వచ్చి పదములను పెట్టిపోవుట, అతడు ఊరు మారగానే యంత్రము మూగపోవుట అను దుస్థితి దీనితో తప్పును.

మఱియొక చిన్న ఏర్పాటు కూడ ఉపకరించును. లోడరు పట్టికలు ప్రాయికముగా ఆంగ్లముననే కానవచ్చును; తెలుగు తెఱమీదికి వచ్చుట ఆపరేటింగ్ సిస్టము మేలుకొనిన పిమ్మటనే. కావున పట్టికలో ఏ వరుస దేనికి, తెఱ నిలిచిపోయినచో మొదట ఏమి చేయవలెను, ఎవరిని పిలువవలెను అను సంగతులను స్పష్టమైన తెలుగున ఒక అట్టమీద వ్రాసి యంత్రము ప్రక్కన వ్రేలాడదీయవలెను. సంవత్సరమున కొకసారి, గ్రంథాలయ వారోత్సవముల సందర్భమున, రక్షణార్థము సిద్ధపఱచిన యు.ఎస్.బి. పుల్లతో యంత్రమును లేపి చూచి, అది పనిచేయుచున్నదని నిర్ధారించుకొనవలెను. పరీక్షింపని రక్షణసాధనము ఆపత్కాలమున అక్కఱకు వచ్చునను నమ్మకము లేదు.

ఈ పనులకు పెద్ద ధనము అక్కఱలేదు. గ్రబ్‌నకు గాని, లినక్స్‌నకు గాని వెల లేదు. ఒక యు.ఎస్.బి. పుల్ల, ఒక నోటు పుస్తకము, ఒక కవరు, ఒక అట్ట, నేర్చుకొనగోరు ఇద్దఱు యువకులు చాలుదురు. ఇరువదియైదు సంవత్సరముల కాలము చందాలు పోగుచేసి, పత్రికలు తెప్పించి, పుస్తకములకు అట్టలు వేసి కాపాడిన చేతులకు ఇది మించిన పని కాదు.

పసుపు రైతు తన సరుకును తూచునప్పుడు త్రాసుమీద దృష్టి నిలుపును. త్రాసు ఎవరిదో, రాళ్లు సరియైనవో కావో విచారించుకొనును. ఆ మెలకువయే కంప్యూటరు విషయమునను గ్రామస్థులకు కావలెను. తన దరఖాస్తు, తన భూమి పత్రము, తన పంట ధర ఏ యంత్రముగుండా పోవుచున్నవో ఆ యంత్రము ఎవరి మాటపై మేలుకొనుచున్నదో అడిగి తెలిసికొను హక్కు ప్రతి పాఠకునకును కలదు. సమాధానము చెప్పగల సామర్థ్యము గ్రంథాలయమునకు ఉండవలెను. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సంస్థ, స్వర్ణోత్సవము నాటికి ఆ సామర్థ్యమును గ్రామమందలి ప్రతి యువకునకును, యువతికిని పంచి, పుస్తకమును యంత్రమును సమానముగా ప్రజల చేతికందించుచు చిరకాలము వర్ధిల్లుగాక.